మూడు లెక్కలు, నాలుగున్నర గంటలు

ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 బిట్లు. టైము మూడు గంటలు. భాగించి చూస్తే బిట్టుకి 67 సెకన్లు. జేఈఈ మెయిన్ కాస్త నయం. 75 ప్రశ్నలకి అవే మూడు గంటలు కాబట్టి ఒక్కోదానికి రెండున్నర నిమిషాలకు కొంచెం తక్కువ దొరుకుతుంది. రాజమండ్రిలో గానీ, కాకినాడ, తణుకు, భీమవరం, అమలాపురంలో గానీ ఎంపీసీలో చేరిన పిల్లల రెండేళ్లూ ఈ సెకన్ల చుట్టూనే నడుస్తాయి. పొద్దున్నే స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం తిరిగేసరికి టెస్టు, ఆ మర్నాడు ర్యాంకుల లిస్టు.

ఇదే వయసు పిల్లలు ఏటా జులైలో ఏదో ఒక దేశంలో పోగై రాసే పరీక్ష ఇంకోటుంది. రోజుకి మూడే లెక్కలు, నాలుగున్నర గంటల టైము. అలా రెండు రోజులు. లెక్కకి 7 మార్కుల చొప్పున మొత్తం 42. ఆప్షన్లుండవు, ఓఎంఆర్ షీటుండదు. తెల్లకాగితం మీద మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పిల్లలే రాసుకురావాలి. రాసినదాన్ని మనుషులు కూర్చుని చదివి, వాదించుకుని మార్కులేస్తారు. అదే ఇంటర్నేషనల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్, ఐఎంఓ. 1959లో రొమేనియాలో మొదలైంది. మన దేశం 1989 నుంచి జట్టును పంపుతోంది. 1996లో పోటీ ముంబయిలోనే జరిగింది. 2024లో ఇంగ్లండులోని బాత్ నగరంలో మనవాళ్లు నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానంలో నిలిచారు. అంత పైకి మనం అంతకుముందెప్పుడూ వెళ్లలేదు. మరుసటేడు ఆస్ట్రేలియాలో ఏడో స్థానం దక్కింది.

గోదావరి జిల్లాల ఇళ్లలో ఐఐటీ మాట ఎల్‌కేజీ నుంచే వినపడుతుంది. ఐఎన్ఎంఓ, ఆర్ఎంఓ అన్న మాటలు మాత్రం పదో తరగతిలో ఫస్టొచ్చే పిల్లల్లో కూడా చాలామందికి కొత్త. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు ఇక్కడ ఊరూరా ఉన్నారు. వాళ్ల ప్రాణం ఆరేడేళ్లపాటు బిట్ల మీదే ఖర్చయిపోతుందే అన్న బాధతోనే ఈ కథనం రాస్తున్నాను.

సీటొస్తుందా మాస్టారూ?

పోటీ పరీక్ష ఏదైనా మన తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. అర ఎకరం అమ్మో, ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టో ఫీజు కట్టేవాళ్లకి అడిగే హక్కుంది. కాబట్టి ముందు ఆ సంగతే చూద్దాం.

మన దేశంలో ఐఎంఓ జట్టుకి చేరే దారి అంచెలంచెలుగా ఉంటుంది. మొదటిది ఐఓక్యూఎం, అంటే ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్. 8 నుంచి 12వ తరగతి దాకా, అంటే మన ఇంటర్ రెండో ఏడాది దాకా చదివే పిల్లలు రాయొచ్చు. ఇటీవలి ఏళ్లలో దీన్ని సెప్టెంబరు ప్రాంతంలో పెడుతున్నారు. 30 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. ప్రతి జవాబూ రెండంకెలు దాటని సంఖ్యే. ఇందులో నెగ్గినవాళ్లకి నవంబరు ప్రాంతంలో రీజినల్ ఒలింపియాడ్, ఆర్ఎంఓ. ఇక్కడి నుంచి రుజువులు రాయాలి: మూడు గంటల్లో ఆరు లెక్కలు. దాటితే జనవరిలో జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ. అందులో మెరిసినవాళ్లని వేసవిలో శిక్షణ శిబిరానికి పిలుస్తారు. చివరికి జట్టులో మిగిలేది ఆరుగురు. నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ తరఫున ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ దీన్నంతా నడిపిస్తుంది. తొలి అంచె పరీక్ష బాధ్యత మ్యాథమెటిక్స్ టీచర్స్ అసోసియేషన్ చూస్తుంది.

ఇక సీట్లు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఐఎన్ఎంఓలో రాణించిన పిల్లలకి ప్రవేశపరీక్ష లేకుండానే సీటిచ్చే ఆనవాయితీ పాటిస్తోంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీ.స్టాట్, బీ.మ్యాథ్ కోర్సులకి శిక్షణ శిబిరం స్థాయి చేరినవాళ్లు రాతపరీక్ష రాయనక్కర్లేదు, నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. మనకి దగ్గర్లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి ఒలింపియాడ్ పిల్లల కోసం ప్రత్యేక మార్గం ఉంది. అక్కడా ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. ఐఐటీ బొంబాయి గణిత విభాగం తన బీఎస్ కోర్సులోకి ఐఎన్ఎంఓ ద్వారా పిల్లల్ని తీసుకుంటోంది. 2025-26 నుంచి ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్, గణితంతో సహా కొన్ని విభాగాల్లో ఈ దారి తెరిచింది. అదే ఏడాది ఐఐటీ మద్రాస్ సైన్స్, గణిత ఒలింపియాడ్ల వాళ్లకోసం ఒక్కో కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది. అందులో ఒకటి అమ్మాయిలకే. షరతులు ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోకుండా ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా.

వింటే ఆశ పుడుతుంది. అందుకే రెండో సగం కూడా చెప్పాలి. ఈ దారులు దాదాపు అన్నీ ఐఎన్ఎంఓ దాటినవాళ్లకే. దేశం మొత్తమ్మీద ఏటా శిబిరానికి వెళ్లేది పదుల్లో లెక్కపెట్టదగ్గ పిల్లలు. ఐఓక్యూఎం క్వాలిఫై అయిన కాగితం చూపిస్తే ఏ ఐఐటీ గేటూ తెరుచుకోదు. ఇక మన రాష్ట్రం సంగతి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో స్పోర్ట్స్ కోటా ఉంది, ఎన్‌సీసీ కోటా ఉంది, స్కౌట్స్‌కీ ఉంది. గణిత ఒలింపియాడ్ అన్న గడి మాత్రం ఆ ఫారంలో లేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కులతో తేలిపోతుంది. కాకినాడ జేఎన్‌టీయూ లాంటి చోట ఐఎన్ఎంఓ రాసిన పిల్లలకి రెండంటే రెండు అదనపు సీట్లు పెడితే ఎవరి సీటూ పోదు. ఐఐటీ మద్రాస్ పెట్టగా లేనిది మనం పెట్టలేమా? అంతకంటే ఎక్కువ మాత్రం నేను కోరను. చైనాలో ఒకప్పుడు ప్రాంతీయ ఒలింపియాడ్ బహుమతులకే యూనివర్సిటీ సీట్లు ఇచ్చేవారు. దాంతో ఒలింపియాడ్ కోచింగే పెద్ద వ్యాపారమై, పసిపిల్లల దాకా పాకింది. చివరికి అక్కడి ప్రభుత్వమే ఆ రాయితీని బాగా కుదించుకోవాల్సి వచ్చింది. మన డెల్టాలో అలాంటిది మొదలైతే ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి శిబిరం దాకా వెళ్లలేనివాళ్ల శ్రమ వృథాయేనా? తల్లిదండ్రులకి ఎవరూ చెప్పని సంగతి ఇక్కడే ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్షలో రెండు పేపర్లు. ఒకటి బిట్లు. రెండోదాంట్లో రెండు గంటల్లో ఎనిమిది లెక్కలు, ప్రతిదానికీ పూర్తి సమాధానం రాయాలి. చెన్నై ఇన్‌స్టిట్యూట్ పరీక్షలోనూ రాసే భాగం ఉంటుంది. బిట్లలో ఆరితేరిన పిల్లలు ఈ రెండో పేపరు ముందు చేతులెత్తేస్తారు. ఆర్ఎంఓ కోసం రెండేళ్లు రుజువులు రాసినవాళ్లకి అది అలవాటైన పని. పైగా ఈ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ట్యూషన్ ఫీజు తీసుకోకుండా, ఎదురు స్టైపెండిచ్చి పిల్లల్ని చదివించిన సంస్థ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి లెక్కల్లో ఎం.ఏ. పట్టాతో కలకత్తా వెళ్లిన తెలుగువాడు సి.ఆర్.రావు 1941లో ఆ సంస్థలోనే చేరారు. 1945లో అచ్చయిన ఆయన పేపరు ఈనాటికీ ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ పాఠాల్లో ఉంది. అలాంటి సంస్థ పేరు మన ఎంపీసీ పిల్లల ఆప్షన్లలో చాలాసార్లు అసలు ఉండకపోవడం నన్ను బాధపెడుతుంది.

విదేశాల సంగతి కొంచెం వేరు. అమెరికాలో ఎంఐటీ దరఖాస్తులో అక్కడి గణిత పోటీలైన ఏఎంసీ, ఏఐఎంఈ స్కోర్లు రాసుకోవడానికి చోటుంది. తప్పనిసరేమీ కాదు, ఉంటే చూస్తారు. 2016లో ముంబయి అమ్మాయి ఒకరు పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండానే ఎంఐటీలో చేరారు. ఇంటి దగ్గరే చదువుకున్న ఆ పిల్లకి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలున్నాయి. పన్నెండో తరగతి లేని కారణంగా ఐఐటీల్లో మాత్రం ఆమెకి అవకాశం లేకపోయింది. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకి ఈ పోటీలు బాగా తెలుసు. రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అక్కడి పిల్లలకి స్పెల్లింగ్ బీలతో పాటు మ్యాథ్ బీలూ నడుపుతుంది. వాటి మీద వచ్చే డబ్బుతో ఇక్కడి పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. మన డాలస్, న్యూజెర్సీ అన్నయ్యలూ అక్కయ్యలూ పండక్కి ఊరొచ్చినప్పుడు, వాళ్ల పిల్లలు చేసే ఏఎంసీ లెక్కల పుస్తకం ఒకటి ఊళ్లోని హైస్కూలు లైబ్రరీకి ఇచ్చి వెళ్లొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు.

ఒలింపియాడ్‌తో యూనివర్సిటీలో అడుగుపెట్టినవాళ్లలో అందరికంటే ప్రసిద్ధుడు గ్రిగరీ పెరెల్మాన్. 1982లో బుడాపెస్ట్‌లో 42కి 42 తెచ్చుకున్నాడు. సోవియట్ జట్టు సభ్యుడు కాబట్టి ప్రవేశపరీక్ష లేకుండా లెనిన్‌గ్రాడ్ యూనివర్సిటీలో సీటు దొరికింది. అతనిలాంటి యూదు పిల్లలకి అక్కడ సీటు దొరకడమే గగనమైన రోజులవి. తర్వాత అతనే గణితంలో పాంకరే ప్రతిపాదనగా పేరుపడ్డ చిక్కుముడిని రుజువు చేశాడు.

ఏది అసలు ఒలింపియాడ్?

స్కూళ్ల ముందు ఫ్లెక్సీల మీద 'మ్యాథ్స్ ఒలింపియాడ్ గోల్డ్ మెడలిస్టులు' అని పదిమంది పిల్లల ఫోటోలు కనిపిస్తుంటాయి. ఆ పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ అవి చాలావరకు ప్రైవేటు సంస్థలు ఫీజు కట్టించుకుని స్కూళ్లలో పెట్టే బిట్ పేపర్లు. ఒకటో తరగతి నుంచే ఉంటాయి. కొన్నిటి పేరు కూడా అసలు ఐఎంఓని తలపించేలా ఉంటుంది. ఆ పతకాలకీ పైన చెప్పిన సీట్లకీ ఏ సంబంధమూ లేదు. సరదాగా రాస్తే రాయనివ్వండి. దాని కోసం ప్రత్యేకంగా కోచింగ్ పెట్టించకండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి నిజంగా మంచి లెక్కలు కావాలంటే చెన్నైలోని అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటిక్స్ టీచర్స్ ఆఫ్ ఇండియా ఉంది. 1965 నుంచి పనిచేస్తున్న ఉపాధ్యాయుల సంఘం అది. వాళ్ల టాలెంట్ కాంటెస్టు పాత పేపర్లు ముందేసుకుంటే చాలు.

ఒక్క లెక్క

మాటల్లో ఎంత చెప్పినా తేడా తెలియదు. 1959లో జరిగిన మొట్టమొదటి ఐఎంఓలో మొట్టమొదటి లెక్క చెబుతాను.

ఏదో ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని 21తో గుణించి 4 కలిపితే లవం. అదే సంఖ్యని 14తో గుణించి 3 కలిపితే హారం. ఇలా వచ్చే భిన్నంలో పైనా కిందా కొట్టేయడానికి ఎప్పుడూ ఏమీ ఉండదని రుజువు చేయాలి.

మన బిట్ల పిల్లలు చేసే మొదటి పని విలువలు పెట్టి చూడటం. 1 పెడితే 25 బై 17. కొట్టేయలేం. 2 పెడితే 46 బై 31. కుదరదు. 3 పెడితే 67 బై 45. అదీ కుదరదు. బిట్ పేపరయితే ఇంతటితో ఆప్షన్ పెట్టేసి తర్వాతి బిట్టుకి వెళ్లిపోవచ్చు. అదే వాళ్లకి నేర్పిన నైపుణ్యం, ఆ పరీక్షకి అది సరైనదే. ఇక్కడ మాత్రం వెయ్యి సంఖ్యలు పెట్టి చూసినా పని అవదు, ఎందుకంటే వెయ్యిన్నొకటో సంఖ్య దగ్గర ఏమవుతుందో ఎవరు చెప్పాలి? పిల్లాడు తెల్లకాగితం ముందు ఆగిపోతాడు. పావుగంట గడుస్తుంది. అరగంట గడుస్తుంది. ఈ అరగంటలో ఏం జరుగుతుందన్నదే అసలు చదువు.

పైనా కిందా కొట్టేసే సంఖ్య ఒకటుందనుకుందాం అని మొదలుపెడితే దారి కనిపిస్తుంది. ఆ సంఖ్య హారాన్ని భాగిస్తుంది కాబట్టి హారానికి మూడు రెట్లనీ భాగిస్తుంది. మనం తీసుకున్న సంఖ్యకి 42 రెట్లు, దానిమీద 9. లవాన్నీ భాగిస్తుంది కాబట్టి లవానికి రెండు రెట్లనీ భాగిస్తుంది. 42 రెట్లు, దానిమీద 8. రెండింటినీ భాగించేది వాటి తేడానీ భాగించాలి. తేడా ఎంత? ఒకటి. ఒకటిని భాగించేది ఒకటే. అయిపోయింది.

ఇందులో వాడినదంతా పదో తరగతి లోపు లెక్కలే. యూక్లిడ్ పద్ధతిలో గ.సా.భా. కట్టడం మన ప్రభుత్వ బడి పిల్లలకీ వచ్చు. కొత్తగా కావలసింది సిలబస్ కాదు. రాని లెక్క ముందు కంగారు పడకుండా కూర్చునే ఓపిక, తట్టిన ఆలోచనని ఎదుటివాడికి అనుమానం రాకుండా నాలుగు వాక్యాల్లో పెట్టడం, ఈ రెండే. రెండోదానికి ఎదుటివాడొకడు ఉండాలి. డెల్టాలో లోపం నాకు అక్కడే కనిపిస్తుంది.

ఓఎంఆర్ షీటుని మెషిను చదువుతుంది. వెయ్యిమంది రాసినా గంటలో మార్కులొచ్చేస్తాయి. రుజువుని మెషిను దిద్దదు. 'ఈ మూడో వాక్యం రెండోదాని నుంచి ఎలా వచ్చిందిరా?' అని అడిగే మాస్టారు కావాలి. ఒక్కో పేపరుకి అరగంట పెట్టాలి. ఎనభైమంది కూర్చునే సెక్షన్లో, సెక్షన్లు సెక్షన్లుగా నడిచే కాలేజీలో ఎవరికీ ఆ తీరిక ఉండదు. అందుకే మంచి బుర్రలున్న పిల్లలు తాము రాసినదాన్ని ఒక పెద్దమనిషి ఆసాంతం చదవడం అన్నది ఒక్కసారి కూడా చూడకుండానే ఇంటర్ దాటేస్తున్నారు.

చదివేవాడు దొరికితే

శ్రీనివాస రామానుజన్ కథలో మనం ప్రతిభ వరకే చెప్పుకుంటాం. 1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం కాలేజీలో చేరాడు. లెక్కలు తప్ప మిగతావి చదవక తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇల్లొదిలి పారిపోయి వచ్చింది మన విశాఖపట్నానికే. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) మళ్లీ తప్పాడు. అప్పటి ప్రవేశ పద్ధతి లెక్క ప్రకారం అతను పనికిరాని విద్యార్థి. నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్.రామచంద్రరావు నోటుపుస్తకాలు తిరగేసి, నెలకి పాతిక రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. 1911లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో రామానుజన్ పాఠకులకి లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. అందులో ఒకటి: వర్గమూలం లోపల వర్గమూలం, దానిలోపల ఇంకోటి, అలా అంతులేకుండా వెళ్లే వరస. నెలల తరబడి ఎవరూ జవాబు పంపలేదు. చివరికి తనే చెప్పాడు, జవాబు 3 అని. 1913 జనవరిలో కేంబ్రిడ్జికి రాసిన ఉత్తరాన్ని అక్కడి గణితవేత్త హార్డీ ఓపిగ్గా చదివాడు. ఆ ముగ్గురు నలుగురు పాఠకులు లేకపోతే, ఏటా డిసెంబరు 22న మన బళ్లలో జరిగే గణిత దినోత్సవమే ఉండేది కాదు.

హంగరీ ఈ సంగతిని ముందే పట్టుకుంది. 1894లో డ్యూర్ అనే ఊళ్లో లెక్కల మాస్టారు డేనియల్ అరాన్య్ హైస్కూలు పిల్లల కోసం ఒక గణిత పత్రిక పెట్టాడు. నెలనెలా లెక్కలు వేసేవారు. పల్లెటూరి పిల్లలు కూడా సమాధానాలు రాసి పోస్టులో పంపేవారు. పత్రికవాళ్లు ప్రతిదీ చదివి, బాగా చేసినవాళ్ల పేర్లూ ఫోటోలూ అచ్చేసేవారు. అదే ఏడాది స్కూలు పూర్తిచేసినవాళ్లకి ఈట్వోష్ పేరుతో పోటీ పరీక్ష మొదలైంది. విమానశాస్త్రానికి పునాదులు వేసిన ఫాన్ కార్మాన్, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ దాన్ని గెలిచినవాళ్లే. చిన్న దేశం, చేతిలో ఉన్నది తపాలా బిళ్లలూ చదివే మాస్టర్లూ. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

మన దగ్గర మాస్టర్లకి కొదవ లేదు. ఆ మాట నేను ధైర్యంగా చెప్పగలను. రిటైరై రాజమండ్రి దానవాయిపేటలోనో, కాకినాడ రామారావుపేటలోనో, భీమవరంలోనో పొద్దున్నే పేపరు చదువుకుంటూ కూర్చునే లెక్కల మాస్టర్లు ఎందరో. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పీఆర్ కాలేజీ, భీమవరం డీఎన్ఆర్, అమలాపురం ఎస్‌కేబీఆర్, ఏలూరు సీఆర్ఆర్ కాలేజీల్లో ఆదివారం ఖాళీగా ఉండే గదులున్నాయి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. పెద్దాపురం, పెదవేగి నవోదయల్లో ఆరో తరగతి ప్రవేశానికే పరీక్ష పెట్టి ఏరి తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలున్నారు. అక్కడ ఫీజుల గొడవ కూడా లేదు. ఒక గది, పదిమంది పిల్లలు, ఇద్దరు మాస్టర్లు, నల్లబల్ల. వారానికి నాలుగు లెక్కలు ఇచ్చి, మరుసటి ఆదివారం వాళ్లు రాసుకొచ్చినవి చదివి దిద్దడం. పుస్తకాలకి వెతుక్కోనక్కర్లేదు. వి.కృష్ణమూర్తి, ప్రాణేశాచార్, రంగనాథన్, వెంకటాచల కలిసి రాసిన 'చాలెంజ్ అండ్ థ్రిల్ ఆఫ్ ప్రీ-కాలేజ్ మ్యాథమెటిక్స్', పుణె భాస్కరాచార్య ప్రతిష్ఠాన వాళ్ల 'యాన్ ఎక్స్‌కర్షన్ ఇన్ మ్యాథమెటిక్స్' చాలు. పాత ఆర్ఎంఓ పేపర్లు నెట్లో ఉచితంగా దొరుకుతాయి.

తెలుగు మీడియం పిల్లలు ఏం చేస్తారంటారా? తొలి రుజువులు తెలుగులోనే రాయనివ్వండి. పైన ఆ 1959 లెక్కని మనం తెలుగులోనే చేశాం కదా. 'అనుకుందాం', 'కాబట్టి', 'అలాగైతే', ఈ మాటలు పిల్లలకి అమ్మ దగ్గరే వచ్చాయి. ఆలోచన కుదిరాక ఇంగ్లిషులోకి మార్చుకోవడం నెలల పని. ఐఎంఓలో కూడా ప్రతి దేశపు పిల్లలూ తమకి వచ్చిన భాషలోనే రాస్తారు. వాళ్ల టీము లీడర్లే లెక్కల్ని అనువదించుకుంటారు.

ఎప్పుడు మొదలెట్టాలన్నది కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతి మంచి వయసు. తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, ఇవే అసలు కాలం. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి జనవరిలో ఐఎన్ఎంఓ, జేఈఈ మెయిన్ మొదటి సెషనూ పక్కపక్కనే పడుతుంటాయి. ఆ వయసు పిల్లల మీద రెండూ మోపడం నాకు ఇష్టం లేదు. పిల్లలకి ఇష్టం లేకపోతే ఏ వయసులోనూ వద్దు.

అమ్మాయిల తల్లిదండ్రులకి విడిగా ఒక మాట. ఆడపిల్లల కోసమే యూరోపియన్ గర్ల్స్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్ 2012లో మొదలైంది, 2015 నుంచి మన దేశం కూడా జట్టుని పంపుతోంది. దానికీ దారి ఈ ఆర్ఎంఓ, ఐఎన్ఎంఓల మీదుగానే. ఇరాన్ అమ్మాయి మరియం మిర్జాఖానీ 1994, 1995 ఐఎంఓల్లో రెండు బంగారు పతకాలు తెచ్చుకుంది. రెండోసారి 42కి 42. ఇరవయ్యేళ్లు తిరగకముందే, 2014లో, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ అయింది. మన హైస్కూళ్లలో పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. ఐఓక్యూఎం ఫారం వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లే కావాలి.

మల్లన ఊరి పిల్లలకి

గోదావరి తీరానికి లెక్కలు కొత్తేమీ కావు. రాజమహేంద్రవరం ఏలిన తూర్పు చాళుక్యుల కాలానికి చెందినవాడిగా చెప్పే పావులూరి మల్లన, తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి 'గణితసారసంగ్రహం' సంస్కృతం నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. అందుకు మూలమైన మహావీరాచార్యుడి పుస్తకంలో రాజుల మెడలో హారాల్లాంటి సంఖ్యలు వస్తాయి, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండేవి. 142857143ని 7తో గుణిస్తే 1000000001. 27994681ని 441తో గుణిస్తే 12345654321. 152207ని 73తో గుణిస్తే 11111111, ఎనిమిది ఒకట్లు. కాగితం మీద గుణించి చూడండి.

73కి ఇలా అన్నీ ఒకట్లే ఉన్న గుణిజం దొరికింది. 7కి కూడా ఉంది: 111111ని 7 భాగిస్తుంది. 3కి 111. మరి 19కి ఉందా? 2027కి ఉందా? చివరి అంకె 1, 3, 7, 9ల్లో ఒకటైన ఏ సంఖ్య తీసుకున్నా, అన్నీ ఒకట్లే ఉన్న గుణిజం దానికి ఒకటి తప్పకుండా ఉంటుందని రుజువు చేయాలి. పదో తరగతి దాటిన లెక్కలేవీ అక్కర్లేదు. 1, 11, 111, 1111 అని వరసగా రాసుకుంటూ, ఒక్కోదాన్నీ మీ సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాల్ని గమనిస్తే చాలు. మీ ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే ఇవాళ టెస్టు పేపరు పక్కన పెట్టి దీన్ని ముందు పెట్టండి, ఫోను దూరంగా ఉంచండి, టైము చెప్పకండి. రాసింది ఎంత గజిబిజిగా ఉన్నా వాళ్ల లెక్కల మాస్టారికి చూపించి, చివరి వాక్యం దాకా చదవమని అడగండి.